డేగ ఈక గుర్తు

"మూడింటికి జీపు బయల్దేరుతుంది, అన్నగారూ. ఈలోపు ఎవర్ని ఏం అడుగుతారో అడగండి. నాకేం అభ్యంతరం లేదు."

ఇన్‌స్పెక్టర్ అసకావా ఆ మాటంటూ చేతిగడియారం చూసుకున్నాడు. కొత్త గడియారం. సార్జెంట్ మురోయి కెంజోకి దాన్ని చూస్తేనే ఒళ్లు మండిపోయింది. పదకొండేళ్ల కిందట ఇదే ఠాణాలో ఇతగాడికి సాక్ష్యాలు మూటకట్టడం, సాక్షుల్ని మాట్లాడించడం నేర్పింది తను. ఇప్పుడు ఇతను జిల్లా కేంద్రం నుంచి పైఅధికారిగా దిగాడు. పొద్దుటి పేపర్లో ఫొటో కూడా పడింది. ఒక్క రోజులో హంతకుణ్ణి పట్టేశాడని రాశారు. మురోయి ఆ పేపర్ని పొయ్యిలో పెట్టేశాడు. పెట్టేముందు మాత్రం రెండుసార్లు చదివాడు.

"ఒక్కసారి మొదట్నుంచీ చెప్పండి, అసకావా గారూ," అన్నాడు మురోయి. ఆ 'గారూ' అనడానికి ప్రాణం పోయినంత పనైంది.

"మళ్లీనా? సరే. నిన్న పొద్దున పదకొండున్నరకి కత్తులు చేసే మునెకగె పెద్దాయన తన కొలిమిలోనే చచ్చిపడున్నాడు. పక్కనే ఉన్న చిన్న సుత్తితో తల పగలగొట్టారు. చూసి చెప్పింది పెద్ద శిష్యుడు గెన్పాచి. డాక్టరు తొమ్మిదికీ పదకొండుకీ మధ్య అంటున్నాడు. కానీ పదీ పది నుంచి పదిన్నర దాకా పెద్దాయన ఉలితో కత్తి మీద పేరు చెక్కుతున్న టకటకలు కూతురు సయో విన్నది. అంటే పదిన్నర దాకా ప్రాణంతోనే ఉన్నాడు. గెన్పాచి తొమ్మిదీ నలభై బస్సుకి పట్నం వెళ్లాడు. కండక్టరు కూడా చెప్పాడు. ఇంటి దగ్గర మిగిలింది రెండో శిష్యుడు తకుమా ఒక్కడే. గుడికి ఇవ్వాల్సిన కత్తి తకుమా పరుపు కింద దొరికింది. ముందురోజే సయోని పెళ్లి చేసుకుంటానని అడిగితే పెద్దాయన కుదరదన్నాడట. ఇంకేం కావాలి?"

"కత్తి చూడొచ్చా?"

అసకావా బల్ల మీద, తకుమా పేరు చీటీ ఉన్న గోధుమరంగు గుడ్డ మూట విప్పాడు. తెల్లచెక్క ఒరలోంచి కత్తి తీసి, పిడి ఊడదీసి, పిడిలో దాగి ఉండే తోకని మురోయి ముందు పెట్టాడు. కమ్మరి పేరు ఉండేది అక్కడే.

"పిడిలోపల కూడా ఇంకో సాక్ష్యముంది," అన్నాడు గర్వంగా. "తోక మీద 'ఎనిమిదో నెల' అని చెక్కారు. ఆగస్టులో గెన్పాచి కాలు కాలి ఆసుపత్రిలో ఉన్నాడు. అంటే ఈ కత్తిని కొట్టింది తకుమాయే. తన చెమట ముసలాయన పేరు మీద గుడికి పోతుంటే ఓర్చుకోలేకపోయాడు."

మురోయికి నవ్వాగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"ఈ బిజెన్ ప్రాంతంలో ఏ కత్తి మీదైనా రెండో నెలో, ఎనిమిదో నెలో అనే చెక్కుతారు, అసకావా గారూ. కాల్చిన కత్తిని ముంచడానికి నీళ్లు సరిగ్గా ఉండేది ఆ రెండు నెలల్లోనేనని తాతల కాలం నుంచీ నమ్మకం. మేలో చేసినా ఎనిమిదో నెలే. మీ సాక్ష్యాన్ని ఈ ఊళ్లో ఎక్కడా చెప్పకండి, నవ్వుతారు."

అసకావా చెవులు ఎర్రబడ్డాయి. "పోనీండి. నెల పోతే పోయింది. టకటకలు పోవుగా? పరుపు కింద దొరికిన మూట పోదుగా?"

మురోయి కత్తిని దగ్గరికి లాక్కున్నాడు. తోక మీద అక్షరాల్ని గోటితో మెల్లగా తడిమాడు. అతని తండ్రి ముప్ఫై ఏళ్లు మునెకగె కత్తులకి సానపట్టినవాడు. ఉలి దిగినచోట ఇనుము ఒక పక్కకి పొంగుతుందనీ, కుడిచేత్తో సుత్తి కొట్టేవాడికి ఒక పక్క, ఎడమచేత్తో కొట్టేవాడికి రెండో పక్క పొంగుతుందనీ నేర్పింది ఆయనే. ఈ పేరు చెక్కింది ఎడమచేతివాటం మనిషి. మునెకగెది కుడిచేతివాటం.

అంతటితో అయిపోలేదు. అక్షరాల వెనకాల తోకంతా ఆకురాయితో వేసిన గీతలున్నాయి. నడుమనుంచి రెండు పక్కలకీ ఏటవాలుగా విచ్చుకున్న గీతలు. దాన్ని డేగ ఈక అంటారు. ఈ కొలిమిలో ఎవరు కొట్టిన కత్తికి వాళ్లే తోక అరగదీస్తారు. డేగ ఈక గెన్పాచి గుర్తు. తకుమాది పిల్లి గోకుడు.

ఇదంతా అసకావాకి చెప్పొచ్చు. చెప్పలేదు. చెబితే రేపు పేపర్లో ఎవరి ఫొటో పడుతుందో తెలుసు. అది కుళ్లేనని మురోయికి తెలియక కాదు. తెలిసే నోరు మూసుకుని టోపీ పెట్టుకున్నాడు. అప్పటికి ఒంటిగంటా నలభై అయింది.

గెన్పాచి ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నలభై ఆరేళ్ల మనిషి, మోచేతుల దాకా నిప్పురవ్వల మచ్చలు. పక్కన ఉప్పు పొట్లం ఉంది. కొలిమి గడప మీద అప్పటికే రెండు చోట్ల ఉప్పు కుప్పలు పోసి ఉన్నాయి.

"ఇన్ని కుప్పలెందుకు, గెన్పాచీ? ఒకటి చాలదూ?"

"చావు జరిగిన చోటు కదండీ. మైల పోవాలని."

"నిన్నట్నుంచి లోపలికి వెళ్లలేదట?"

"కాలు రావట్లేదు, మురోయిగారూ."

"నిన్న పొద్దున బస్సెక్కే ముందు వెళ్లావా?"

"లేదండీ. ఒర తేవడానికి పట్నం వెళ్తానని ముందురోజే చెప్పాను. గదిలోంచి తిన్నగా బస్సుకే."

"తొమ్మిదీ నలభై బస్సు. గదినుంచి బస్సు దగ్గరికి పది నిమిషాలు. గురువుగారు కనిపించారా?"

"లేదన్నానుగా. తిరిగొచ్చి తలుపు తీసేసరికి..."

"పదీ పదికి పేరు చెక్కుతున్న చప్పుడు సయో విందట. నీకది మేలే. అప్పుడు నువ్వు పట్నంలో ఉన్నావు."

గెన్పాచి ఉప్పు పొట్లం విప్పి ఇంకో గుప్పెడు తీశాడు. "మేలేనండీ," అన్నాడు. అతని ముఖంలో మాత్రం ఆ మేలు ఎక్కడా లేదు. నిర్దోషికి ఈ మాట వింటే ఊపిరి రావాలి. ఇతనికి పోతోంది.

"గుడికి మీరిద్దరూ చెరో కత్తీ చేశారు. గురువుగారు ఒకదాన్ని ఎంచి పేరు చెక్కుతారు. రెండోది పేరు లేకుండా నీడ కత్తిగా ఇంట్లో ఉండిపోతుంది. ఎవరిది ఎంచారో చెప్పారా?"

"ప్రత్యేకం చెప్పాలా? తకుమాదే."

"అంత గట్టిగా ఎలా తెలుసు?"

"ఇరవై రెండేళ్లు!" గెన్పాచి గొంతు ఒక్కసారిగా పెరిగింది. "ఇరవై రెండేళ్లు బొగ్గు కొట్టాను, నీళ్లు మోశాను. నిన్నగాక మొన్నొచ్చినవాడు గురువుగారి ఎదురుగా పీటేసుకుని కూర్చుంటాడు. నేను కొట్టింది బాగుంటే 'ఊఁ'. వాడు కొట్టింది బాగుంటే 'సయో, టీ పెట్టమ్మా'. ఇంకా ఎలా తెలియాలి చెప్పండి?"

ఆ మాటలు మురోయికి తెలిసినవే. నిన్న సాయంత్రం అన్నం ముందు కూర్చుని అసకావా గురించి భార్య దగ్గర తను అన్నవి ఇంచుమించు ఇవే మాటలు. ఆమె విని విని, లేచి వెళ్లిపోయింది. కానీ ఒకటి మాత్రం అర్థమైంది. ఎంపికైన కత్తి తనదేనని ఈ మనిషికి తెలీదు. తన ఆకురాయి గీతల్ని ఈ మనిషి ఇంకా చూడలేదు.

కొలిమిలో చల్లబడిన బూడిద వాసన. నెత్తురు పడ్డచోట గడ్డిచాప కప్పారు. మురోయి తిన్నగా మూలనున్న సీసపు దిమ్మ దగ్గరికి వెళ్లాడు. పేరు చెక్కేటప్పుడు తోకని ఆనించేది దానిమీదే. వేలితో రాస్తే బొగ్గుమసి ఒక పొరలా లేచొచ్చింది. చుట్టుపక్కల కొత్త ఇనుప పొట్టు రవ్వంత కూడా లేదు. నిన్న అక్కడ ఎవరూ పేరు చెక్కలేదు. నిన్నేమిటి, ఏళ్ల తరబడి చెక్కి ఉండరు.

గోడ చట్రంలో ఇంకో మూట ఉంది. నీలిరంగు గుడ్డ, దానికి గెన్పాచి పేరు కట్టిన చీటీ. అసకావా మనుషులు చీటీ చదివి విప్పకుండా వదిలేసినట్టున్నారు. మురోయి విప్పాడు. తోక మీద అన్నీ సన్నటి నిలువు గీతలు, గోళ్లతో గీకినట్టు. పిల్లి గోకుడు. పేరు లేదు. అంటే గెన్పాచి గుడ్డలో తకుమా కత్తి, తకుమా గోధుమరంగు గుడ్డలో గెన్పాచి కత్తి చుట్టారు. మురోయి గడియారం చూసుకుని వంటింటి వైపు నడిచాడు. రెండూ ఐదు.

సయో ముల్లంగి ఊరగాయ తరుగుతోంది. గుమ్మంలో అలికిడి వినగానే కత్తి ఎడమ చేతిలోంచి కుడిచేతికి మారింది. తిండి పెట్టాల్సిన పోలీసులు ఏడుగురున్నారు మరి, చావింట్లో కూడా.

"ఇలా ఇవ్వమ్మా, నేను తరుగుతాను," అంటూ మురోయి కత్తి అందుకున్నాడు. రెండు ముక్కలు కోశాడో లేదో మూడోది వంకరపోయింది. "ఇదేంటి, నా చేతికి రావట్లేదు?"

మురోయి కత్తిని వెలుతురులోకి ఎత్తి చూశాడు. ఆ ఊళ్లో వంటకత్తులకి ఒక పక్కే సాన ఉంటుంది, కుడిపక్క. దీనికి ఎడమపక్క ఉంది.

"నాన్న చేసిచ్చాడా?"

"నా పద్నాలుగో ఏట, బాబాయ్," అంది మెల్లగా. "బళ్లో కుడిచేత్తో రాయమని కొట్టేవాళ్లు. నాన్న కొట్టలేదు. కత్తి చేసిచ్చాడు."

"పేరు ఎప్పట్నుంచి చెక్కుతున్నావు?"

ఆమె పీట మీద కూలబడింది. కాదనలేదు, ఏడవలేదు. "ఐదేళ్లు. నాన్న చెయ్యి వణకడం మొదలైనప్పట్నుంచి. సుత్తి పట్టుకుంటే తెలిసేది కాదు, ఉలి పట్టుకుంటే తెలిసిపోయేది. వెనక గదిలో చెక్కేదాన్ని. ఎవరైనా అడిగితే నాన్న చెక్కుతున్నాడని చెప్పేదాన్ని. నిన్న కూడా అలవాటుగా అదే నోట్లోంచి వచ్చేసింది. ఆ మాట తకుమా మెడకి చుట్టుకుంటుందని నాకేం తెలుసు?"

"నిన్న ఏం జరిగిందో వరసగా చెప్పు."

"మొన్న సాయంత్రం నాన్న రెండు కత్తులూ విప్పి పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. మళ్లీ చుట్టేటప్పుడు ఏ గుడ్డ దేనిదో చూసుకోలేదు. నాన్నకి కత్తి తప్ప గుడ్డ కనిపిస్తుందా? నిన్న తొమ్మిదింటికి గడప దగ్గరికి పిలిచి గోధుమరంగు మూట నా చేతుల్లో పెట్టి, 'దీనికి వెయ్యి' అన్నాడు. బొగ్గు కొట్టం పక్కన ఎవరో ఉన్నట్టు అనిపించింది. తకుమా అనుకుని సిగ్గుపడి వచ్చేశాను."

తకుమా కాదు. మురోయికి ఆ చోటు కళ్లకి కట్టింది. పెళ్లి అడిగిన మర్నాడే కూతురి చేతుల్లో తకుమా గుడ్డ మూట పెట్టే తండ్రి. కత్తీ పోయింది, కొలిమీ పోయింది, గురువు వారసత్వమూ పోయిందని అక్కడ నిలబడ్డవాడికి అనిపించి ఉంటుంది.

"ముందు కుంచెతో అక్షరాలు రాసుకుని, ఆరాక పదీ పదికి ఉలి పట్టాను. పదీ ముప్ఫై ఐదుకి మూట కొలిమి తలుపు బయట బల్ల మీద పెట్టేశాను, ఎప్పట్లాగే."

"తలుపు తీసి చూడలేదా?"

"మేమెప్పుడు తీశాం, బాబాయ్?" సయో తరిగిన ముక్కల్ని పక్కకి తోసేసింది. "కొలిమి దేవతకి ఆడవాళ్లంటే అసూయ అని గడప తొక్కనివ్వరు కదా. నాన్న లోపల పడున్నాడు. నేను బయట మూట పెట్టి, వచ్చి అన్నం వండుకున్నాను."

మురోయి కత్తి పక్కన పెట్టాడు. "ఇది ఇన్‌స్పెక్టరుకి చెప్పాలి, తల్లీ."

"ఐదేళ్లలో పంతొమ్మిది కత్తులకి నాన్న పేరు నేను చెక్కాను. ఆ మాట బయటికొస్తే ఆ పంతొమ్మిదీ దొంగ కత్తులంటారు. ఆ తర్వాత మిగతావి కూడా అంటారు. నాన్న బతుకంతా పోతుంది, బాబాయ్."

"చెప్పకపోతే తకుమా బతుకు పోతుంది."

ఆమె తల వంచుకుంది. మురోయి ఒత్తిడి చెయ్యలేదు. బయట జీపు మోగుతోంది.

రెండూ నలభై ఐదుకి తకుమాని బేడీలతో తీసుకొచ్చారు. రెండు రోజుల గడ్డం, వంటింటి వైపే చూపు. కొలిమి ముందు అసకావా గోధుమరంగు మూట చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. వీధి మొదట్లో పేపరువాళ్ల కారు కూడా వచ్చి ఆగింది. అది చూడగానే మురోయికి గుండెలో ఎవరో చిటికెడు కారం చల్లినట్టయింది.

"అయిందా, అన్నగారూ?"

"ఒక్క పని. ఈ కత్తి తకుమా కొట్టిందేనని ఇంట్లోవాళ్లు ఎవరైనా గుర్తుపట్టి సంతకం పెట్టాలి. లేకపోతే కోర్టులో మీ ఎనిమిదో నెలలాగే ఇది కూడా నవ్వులాటైపోతుంది. గెన్పాచి ఉన్నాడుగా?"

అసకావా పళ్లు కొరికాడు గానీ మూట అందించాడు. గెన్పాచి గడప ఇవతలే, ఉప్పు కుప్పల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముడి విప్పాడు. ఒర తీశాడు. ముఖం పక్కకి తిప్పుకునే పిడి ఊడదీశాడు.

"అలా కాదు. చూసి చెప్పు," అన్నాడు మురోయి.

గెన్పాచి చూశాడు.

చాలాసేపు చూశాడు. బొటనవేలు గీతల వెంట కిందికి వెళ్లింది, పైకి వచ్చింది. నడుమనుంచి రెండు పక్కలకీ విచ్చుకున్న గీతలు. వాటి మీద గురువుగారి పేరు.

"ఇది..." అన్నాడు. "ఇది నాది."

"నీదే," అన్నాడు మురోయి. "ఎంచింది నీదే, గెన్పాచీ. గుడికి వెళ్లాల్సింది నీ కత్తే."

"కాదు. గోధుమరంగు గుడ్డ తకుమాది. గురువుగారు ఇచ్చింది గోధుమరంగు మూట, నేను చూశాను!"

"ఎప్పుడు చూశావు? నిన్న కొలిమి వైపే రాలేదన్నావుగా?"

గెన్పాచి వినలేదు. కత్తిని ఒడిలోకి తీసుకున్నాడు. అసకావా ముందుకి వంగాడు. మురోయి చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"పదకొండున్నరకి ఈ మూట బల్ల మీద కనబడినప్పుడు విప్పి చూసుండొచ్చుగా, గెన్పాచీ?"

"చూడబుద్ధి కాలేదు." చిన్నపిల్లాడిలా చెప్పాడు. "వాడి కత్తి మీద గురువుగారి పేరు చూడలేక వాడి పరుపు కిందే తోసేశాను. వాడిది వాడి దగ్గరే ఉండనీ అనుకున్నాను." అంతలో ఏదో గుర్తొచ్చినట్టు కత్తిని దూరంగా నెట్టేశాడు. కళ్లు పెద్దవయ్యాయి. "కానీ ఈ పేరు ఎవరు చెక్కారు? పదీ పదికి టకటకలని అందరూ అంటున్నారు. ఎలా వస్తాయి? నేను బస్సుకి వెళ్లేటప్పటికే ఊపిరి లేదు. చెయ్యి పెట్టి చూశాను. రెండుసార్లు చూశాను. చచ్చిపోయినాయన లేచి నా కత్తికి పేరు చెక్కాడా, మురోయిగారూ? నేను చంపాక?"

తకుమా చేతుల బేడీలు చిన్నగా చప్పుడయ్యాయి.

అసకావా మెల్లగా మురోయి వైపు తిరిగాడు. ఆ ముఖంలో గర్వం లేదు. పదకొండేళ్ల కిందటి కొత్త కానిస్టేబులు ముఖం అది. "అన్నగారూ," అన్నాడు, ఈసారి వెక్కిరింత లేకుండా, "మరి ఆ చప్పుడు?"

ఈ క్షణం కోసం మురోయి ఎన్నేళ్లు కాచుకుని కూర్చున్నాడో అతనికే తెలుసు. పేపరువాళ్లు వింటుండగా, నలుగురి ముందు, ఇతను అడగాలి, తను చెప్పాలి. చెప్పడానికి మాట నాలిక మీదే ఉంది. కింద గెన్పాచి, ఉప్పులో చేతులు పెట్టి, తన పేరు లేని తన కత్తి కేసి చూస్తున్నాడు. మురోయికి ఒక్కసారిగా భయమేసింది, గెన్పాచిని చూసి కాదు, అతనిలో తనని చూసి. ఆ మాట చెప్పాల్సింది తను కాదు.

"నాకు తెలీదు," అన్నాడు.

వంటింటి తలుపు చప్పుడైంది. సయో వచ్చింది, చేతులు తుడుచుకోకుండానే. తకుమా ముందు నుంచి నడిచి, గెన్పాచి పక్కనుంచి నడిచి, కొలిమి గడప దగ్గర ఆగింది. పుట్టి ముప్ఫై ఏళ్లయినా ఆ గడప దాటలేదు. ఉప్పు కుప్పల మీదుగా లోపలికి కాలు పెట్టింది.

కొడవలిలా వంగిన కొక్కేనికి వేలాడుతున్న చిన్న సుత్తుల్లోంచి ఒకటి తీసుకుంది. గూట్లోంచి ఉలి తీసింది. సీసపు దిమ్మ మీది మసిని వంటగుడ్డతో తుడిచి, దాని మీద ఒక ఇనుప ముక్క పెట్టింది. సుత్తి ఎడమ చేతిలో ఉంది.

టక్. టక్. టక్.

"నాన్న లేవలేదు, గెన్పాచి అన్నా," అంది తల ఎత్తకుండా. "నేను చెక్కాను. ఐదేళ్లుగా అన్నీ నేనే చెక్కాను. రాసుకోండి, ఇన్‌స్పెక్టరు గారూ."